ఎడమవైపు ముందు చక్రం

నేరం ఒప్పుకున్న మనిషిని నమ్మకపోవడం నాకున్న దురలవాట్లలో ఒకటి. దాని పుణ్యమా అని ఆ మధ్యాహ్నం ఒంటిగంటా ముప్పావుకి, భోజనం కూడా మానుకుని, ఒక కార్ల షెడ్డులో ఇనప స్టూలు మీద కూర్చుని ఉన్నాను.

"చక్రం నట్లు బిగించడం నేనే మర్చిపోయాను," అంది ఎదురుగా నిలబడ్డామె. "ఇంకెన్నిసార్లు చెప్పించుకుంటారు సార్?"

"ఇంకొక్కసారి. ఈసారి నా మొహం చూసి చెప్పండి."

ఆమె చూడలేదు. అద్దంలా మెరుస్తున్న స్పానర్‌ని గుడ్డతో మళ్లీ తుడిచింది.

షెడ్డు ఆమెదే. వయసు నలభైకి అటూ ఇటూ. ఆ పేటలో అందరూ స్పానరమ్మ అంటారు, ఆమె కూడా పలుకుతుంది. మూడు రోజుల క్రితం ఒక నర్సమ్మ ఉదయం ఏడూ నలభైకి ఈ షెడ్డులోంచి తన కారు తీసుకెళ్లింది. ఏడూ యాభై రెండుకి, నాలుగు కిలోమీటర్లు కూడా దాటకుండానే, ఎడమవైపు ముందు చక్రం ఊడి రోడ్డు మీద తనదారిన తను పోయింది. కారు గోడని కొట్టింది. నర్సమ్మకి భుజం దగ్గర ఎముక విరిగింది. ప్రాణం దక్కింది.

ప్రమాదాల వెనకున్న నిజం తవ్వితీయడం నా వృత్తి. నన్ను పిలిపించింది ఆ నర్సమ్మే. మామూలుగా దెబ్బ తగిలినవాళ్లు కొట్టినవాళ్లని ముంచమని నా దగ్గరికొస్తారు. ఈవిడ ఆసుపత్రి మంచం మీంచి, కట్టుతో ఉన్న చెయ్యి ఎత్తలేక రెండో చేత్తో నా చొక్కా పట్టుకుని, "పన్నెండేళ్లుగా నా బండి ఆవిడ చేతుల్లోనే ఉందండీ. ఆవిడ మర్చిపోయిందంటే నేను చస్తే నమ్మను. ఏదో దాస్తోంది. ఆ షెడ్డు మూతపడకుండా చూడండి," అంది. నా పాతికేళ్ల వృత్తిలో ఇలాంటి కోరిక వినలేదు. అక్కడికక్కడే ఒప్పుకున్నాను.

సమయం మాత్రం లేదు. సాయంత్రం అయిదు గంటలకి బీమా కంపెనీ పరిశోధకుడు తన రిపోర్టు అందజేస్తాడు. "యజమానురాలి నిర్లక్ష్యం" అని ఒక్క ముక్క రాశాడంటే షెడ్డుకి సీలు పడుతుంది, ఆమె జన్మలో మరో షెడ్డు తెరవలేదు.

"ముందురోజు సాయంత్రం పని ఎన్నింటికి అయింది?" అన్నాను.

"ఆరూ పదికి. పుస్తకంలో రాసి ఉంది."

"మర్నాడు పొద్దున?"

"ఆరింటికి తలుపు తీశాను. ఆరూ ఇరవైకి బేరింగు కోసం బజారుకెళ్లాను. ఏడుంబావుకి వచ్చాను. నర్సమ్మగారు ఏడూ నలభైకి వచ్చారు."

"ఆ యాభై అయిదు నిమిషాలూ ఇక్కడ ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

"మీ నాన్నగారు?"

"పడుకుని ఉన్నారు." నేను ప్రశ్న పూర్తిచెయ్యకముందే వచ్చింది ఆ జవాబు. అంత తొందరగా వచ్చే జవాబులు సాధారణంగా వండిపెట్టినవై ఉంటాయి.

అంతలో షెడ్డు వెనక గదిలోంచి ఆయనే వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, బక్కపల్చగా, నీటుగా ఉన్నాడు. పూర్తి చేతుల చొక్కాకి మణికట్టు దగ్గర గుండీలు పెట్టుకున్నాడు. వాచీ లేదు, ఉంగరం లేదు. బెల్టు బకిల్ మీద చిన్న గుడ్డముక్క కుట్టి ఉంది. దాన్ని చూడగానే నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. కార్లు తయారుచేసే లైను మీద పనిచేసినవాళ్లే బకిల్‌కి గుడ్డ కడతారు, కొత్త రంగు మీద గీత పడకుండా.

ఈ వృత్తిలోకి రాకముందు నేను జపాన్ కంపెనీవాళ్ల కార్ల ఫ్యాక్టరీలో, ఇంజన్లు చేసే విభాగంలో, నాణ్యత చూసే ఇంజనీర్ని. జనం నన్ను చూస్తే చాలు, "జపాన్ ఇనుము వేరండీ, అందుకే ఆ బండ్లు పాతికేళ్లు తిరుగుతాయి," అంటారు. నాకు ఒళ్లు మండుతుంది. ఇనుము అందరిదీ ఒకటే. తేడా ఉన్నది లైను పొడుగునా తలమీద వేలాడే తాడులో. నట్టు బిగించేవాడి దగ్గర్నుంచి తుడిచేవాడి దాకా, ఏదైనా తేడాగా అనిపిస్తే ఎవరైనా ఆ తాడు లాగొచ్చు. లాగితే మొత్తం లైను ఆగుతుంది. మొదటిసారి ఎవరో తాడు లాగితే నేను అక్కడికి పరిగెత్తుకెళ్లి, "ఎవరు చేశారు?" అని అరిచాను. మాకు పని నేర్పడానికి జపాన్ నుంచి వచ్చిన పెద్దాయన నన్ను చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకెళ్లి మళ్లీ రమ్మన్నాడు. ఈసారి ముందు "ఆపినందుకు థాంక్స్" అని చెప్పమన్నాడు. తర్వాత "ఎందుకు జరిగింది?" అని అడగమన్నాడు. ఎవరు అన్న మాట నా నోట్లోంచి పోవడానికి రెండేళ్లు పట్టింది.

"ఇంజనీరుగారూ, ఇవాళ లైను కాస్త నిదానంగా నడుస్తున్నట్టుంది?" అన్నాడు ముసలాయన నన్ను చూసి. ఇంజనీర్నని ఎలా పసిగట్టాడో! జేబులో పెన్నులు చూసి కాబోలు.

"నాన్నా, లోపలికెళ్లి కాసేపు కూర్చో," అంది కూతురు మెత్తగా.

"మీ అమ్మ తినేసిందా?"

"తింటుంది నాన్నా. నువ్వెళ్లు."

ఆయన బుద్ధిగా తలూపి వెళ్లాడు. ఆమె చాలాసేపు స్పానర్ వంకే చూసింది. "అమ్మ పోయి ఆరేళ్లు," అంది తర్వాత. "ఇద్దరూ ఈ బండ్లు చేసే జపాన్ ఫ్యాక్టరీలోనే పనిచేసేవారు. మొదట్లో అడిగినప్పుడల్లా నిజం చెప్పేదాన్ని. చెప్పిన ప్రతిసారీ అప్పుడే విన్నట్టు ఏడ్చేవారు. రోజూ ఎవరు ఏడిపిస్తారు సార్ కన్నతండ్రిని? మానేశాను."

సరిగ్గా అప్పుడే నా శని గుమ్మంలో ప్రత్యక్షమైంది.

"ఏరా జపాన్ అల్లుడూ! నిన్ను ఏ గాలి విసిరేసింది ఇటు?"

బీమా కంపెనీ పరిశోధకుడు నాతో కలిసి ఇంజనీరింగ్ చదివాడు. నాలుగేళ్లూ వాడికి మొదటి ర్యాంకు, నాకు రెండోది. ఎండలో నిలబడ్డా చొక్కా నలగదు కాబట్టి క్లాసంతా వాణ్ని ఇస్త్రీ అనేవాళ్లం. ఇప్పటికీ నలగలేదు.

"ఒప్పుకున్న మనిషిని కూర్చోబెట్టి ఏం పీకుతున్నావురా?" అన్నాడు.

"ఆవిడ నిలబడే ఉంది. కూర్చున్నది నేను."

"సరే, లే. వాకిట్లో ఆ డొక్కు నీదేనా? చక్రాలకి టోపీలు కూడా లేవు."

"క్యాప్‌లు పోయి పదేళ్లయింది. ఇరవై రెండేళ్ల బండి. మా ఫ్యాక్టరీలో పుట్టిందే, ఈ నర్సమ్మ బండికి స్వయానా తోబుట్టువు. ఒక్కరోజు మొరాయించలేదు."

"మొదలెట్టాడు పుట్టింటి పొగడ్తలు," అన్నాడు వాడు.

నర్సమ్మ కారు షెడ్డు వెనకవైపు టార్పాలిన్ కింద ఉంది. ముగ్గురం అక్కడికి వెళ్లాం. వాడు వాచీ చూసుకున్నాడు. రెండు గంటలయింది. నేను నేలమీద బోర్లా పడుకున్నాను. వాడు పడుకోలేదు, చొక్కా నలుగుతుంది కదా.

మొదట చక్రం బిగించే బోల్టులు చూశాను. అయిదూ ఉన్నాయి, ఒక్కటీ విరగలేదు. వేలితో థ్రెడ్డు తడిమాను. కొసన మూడు చుట్లు మాత్రం నలిగి, తెగి, ముద్దయ్యాయి. ఆ లోపల అంతా కొత్తదానిలా శుభ్రంగా ఉంది.

"బిగించిన నట్టు దారిలో వదులైతే మొదలునుంచి కొస దాకా దెబ్బతినాలి," అన్నాను. "ఇది అసలు మూడు చుట్లకు మించి ఎక్కలేదు."

"ఆవిడా అదే చెబుతోంది. చేత్తో ఎక్కించి, బిగించడం మర్చిపోయింది," అన్నాడు ఇస్త్రీ, రాసుకుంటూ.

"ఆ క్యాప్ ఇలా ఇవ్వు."

ఊడిన చక్రం పక్కనే దాని ప్లాస్టిక్ క్యాప్ ఉంది. ఊపాను. లోపల గలగలమంది. ఊడిన నట్లు మూడు అందులోనే చిక్కుకుపోయాయి. బయటికి తీసి అరచేతిలో పెట్టుకున్నాను. ప్రతి నట్టు అంచుమీదా చిన్న పసుపు గీత, సగమే ఉంది. మిగతా సగం చక్రం మీద, బోల్టు కన్నాల పక్కన ఉంది.

"ఈ గీత ఎప్పుడు పెడతారమ్మా?" అన్నాను.

ఆమె టార్పాలిన్ అంచు మడతపెట్టడం మొదలుపెట్టింది.

"నేను చెబుతాను. టార్క్ రెంచితో బిగించి, చాలినంత బిగువు వచ్చి అది టక్‌మన్నాక, నట్టు మీంచి చక్రం మీదకి ఒకే గీత. మళ్లీ నట్టు కదిలితే గీత విరిగినట్టు కనిపిస్తుంది. ఇది ఫ్యాక్టరీ అలవాటు, మీ అమ్మగారో నాన్నగారో నేర్పి ఉంటారు. బిగించకుండా ఈ గీత పెట్టే చెయ్యి కాదు మీది. అంటే ముందురోజు ఆరూ పదికి మీరు నిక్షేపంలా బిగించారు. తర్వాత వేరే చెయ్యి వీటిని విప్పింది. విప్పి, మళ్లీ మూడే చుట్లు ఎక్కించింది."

"పాత గీతేమో," అన్నాడు ఇస్త్రీ.

"పాత గీతని థిన్నర్‌తో తుడిచేసిన మరక దీని పక్కనే ఉంది, చూడు. కావాలంటే వంగి చూడు. ఇస్త్రీ పోతే నేను చేయిస్తా."

వాడి మొహం ఎర్రబడింది. "నువ్వు మారవురా. ఎదురుగా మనిషి నిలబడి నేనే అంటుంటే గీతలూ థిన్నరూ అంటావు. ఆవిడే మళ్లీ విప్పి మర్చిపోయి ఉండొచ్చు. ఎవరు చేశారో నాకు తెలుసు, నాకది చాలు."

"ఎందుకు చేసినట్టు?"

"ఎందుకో దేవుడికి తెలియాలి. నా కాగితంలో 'ఎవరు' అన్న గడి ఉంది. 'ఎందుకు' అన్న గడి లేదు."

"అందుకే నీ కాగితాలు అన్నీ ఒకేలా ఉంటాయి."

"అందుకే నేను కంపెనీలో ఉన్నాను, నువ్వు నేలమీద ఉన్నావు!"

మాటా మాటా పెరిగింది. పాత ర్యాంకుల గొడవ దాకా వెళ్లాం, సిగ్గులేకుండా. ఆమె మధ్యలో నిలబడి, "నేను సంతకం పెడతాను సార్, ఆయన మాట వినకండి," అని వాణ్ని బతిమాలుతోంది. తన మెడకి ఉరి తనే బిగించుకునే మనిషిని ఆపడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. సంతకం పెట్టేసింది కూడా.

రెండూ నలభైకి వాడు ఫైలు చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు. వాడి కొత్త కారు, ఏ దేశందో గానీ పడవంత ఉంటుంది, కుయ్‌మని తెర మీద ఏదో ఎర్రదీపం వెలిగించి స్టార్టు కాలేదు. మూడుసార్లు నొక్కాడు. మూడుసార్లూ కుయ్‌మంది. ఆ శబ్దం నా చెవులకి ఎంత ఇంపుగా ఉందో చెప్పలేను.

"మా పుట్టింటి బండి తీసుకెళ్లు," అని నా తాళం వాడి చేతిలో పెట్టాను. "నీ రిపోర్టు దాంట్లోనే వెళ్లాలి. అదే నాకు ముచ్చట."

పళ్లు నూరుకుంటూ ఎక్కాడు. నా బండి ఒక్క తిప్పుకే లేచింది. వాడు వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి నవ్వుకున్నాను. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

మళ్లీ చక్రం దగ్గరికి వెళ్లాను. ఈసారి టార్చి వేసి క్యాప్ కింద దాక్కునే భాగం చూశాను. ఎవరో శుభ్రంగా తుడిచారు. కానీ చక్రం మీద పోతపోసిన అక్షరాల సందులో తెల్లటి పొడి మిగిలింది. వేలికి అంటుకుంది. సుద్ద.

"ఈ సుద్ద ఇక్కడికెలా వచ్చిందమ్మా?"

ఆమె గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది.

"ఎందుకు తుడిచారు?" అన్నాను. ఎవరు అని అడగలేదు. ఆ తేడా ఆమెకి తెలిసిందో ఏమో, తల ఎత్తి మొదటిసారి నా మొహం చూసింది.

"అది నాన్న గుర్తు సార్," అంది. "లైను మీద ఆయన నిలబడి పనిచేసే స్టేషను ఒకటే. ఎడమవైపు ముందు చక్రం. అయిదు నట్లూ చేత్తో మూడు చుట్లు ఎక్కించాలి, థ్రెడ్డు అడ్డం పడకుండా. ఎక్కించి, సుద్దతో టిక్కు పెట్టి వదిలేయాలి. ముప్పై ఒక్క ఏళ్లు అదే పని. ఆ పొద్దున లేచి షెడ్డులోకి వచ్చారు. ఆరున్నరకి ఫ్యాక్టరీలో మొదటి షిఫ్టు. ఆయన ఫ్యాక్టరీ బండి కనపడింది. క్యాప్ తీసి చూస్తే ఆయన గుర్తు లేదు. ఎలా ఉంటుంది, ఎప్పుడో చెరిగిపోయింది కదా! తన పని కాలేదనుకున్నారు. విప్పి, మళ్లీ మొదట్నుంచి మూడు చుట్లు తిప్పి..."

"బిగించకుండా వదిలేశారు."

"బిగించడం ఆయన పని కాదు సార్. అది తర్వాతి స్టేషను."

"తర్వాతి స్టేషన్లో ఎవరు?"

"అమ్మ."

నేను టార్చి ఆర్పేశాను. ఆమె ఏడుపు ఆపుకోవడానికి ముక్కు ఎగబీలుస్తుంటే నా కళ్లు కూడా మసకబారాయి. యాభై ఆరేళ్లొచ్చాయి, అలాంటివి దాచుకునే వయసు దాటిపోయింది.

"నా తప్పు లేదని కాదు సార్," అంది చీరచెంగుతో కళ్లు తుడుచుకుని. "నేను బజారు నుంచి వచ్చేసరికి క్యాప్ కింద పడి ఉంది. ఊడిపోయిందనుకుని కాలితో నొక్కేశాను. ఒక్కసారి వంగి లోపల చూసి ఉంటే! ఇప్పుడు ఇది బయటపడితే నాన్నని నా దగ్గర ఉంచనివ్వరు. ఏ ముసలాళ్ల హోమ్‌లోనో పెట్టమంటారు. బండ్లు లేని చోట ఆయన పది రోజులు బతకరు. తన పేరు కూడా మర్చిపోతున్నారు, కానీ నట్టు చేతిలో పెడితే మనిషి వెలిగిపోతారు. షెడ్డు పోతే పోనీండి. నేను ఇంకొకరి దగ్గర పని చేసుకుంటాను."

"చిట్టితల్లీ," అని పిలుపు వినపడింది.

ముసలాయన వాకిలివైపు తలుపులోంచి వచ్చాడు. చేతులు గుడ్డతో తుడుచుకుంటున్నాడు. మొహం కళకళలాడుతోంది.

"బయట మన బండి ఒకటి వచ్చిందమ్మా. క్యాప్ కూడా లేదు, చూస్తే నా గుర్తు కూడా లేదు. పొద్దుటి షిఫ్టువాళ్లు ఎలా వదిలేశారో! నేను కానిచ్చేశాను. మీ అమ్మతో చెప్పు, బిగించెయ్యమని."

ఆయన చూపుడువేలికీ బొటనవేలికీ సుద్ద అంటుకుని ఉంది.

నేను వాకిట్లోకి పరిగెత్తాను. అక్కడ ఇస్త్రీగాడి మెరిసే పడవ ఒక్కటే ఉంది. నా బండి నిలబడ్డ చోట జాకీ చక్రాల ఆనవాలు, సుద్దపొడి. మేమిద్దరం ర్యాంకుల గురించి పోట్లాడుకుంటున్న నలభై నిమిషాల్లో ఆయన తన పని తను తాపీగా చేసుకున్నాడు.

వాడు బయల్దేరి ఏడు నిమిషాలయింది. నర్సమ్మ చక్రం పన్నెండు నిమిషాలు ఆగింది. ఆవిడ నిదానంగా నడిపే మనిషి. వీడు కోపంలో ఉన్నాడు, మరో నాలుగు నిమిషాల్లో పెద్దరోడ్డు ఎక్కుతాడు.

ఫోన్ చేశాను. కట్ చేశాడు. మళ్లీ చేశాను. మళ్లీ కట్ చేశాడు. ఆమె తన ఫోన్‌లోంచి చేసింది, ఎత్తలేదు. 'చక్రం ఊడిపోతుంది, ఆపు' అని రాయబోయి ఆగాను. చదివి నవ్వుతాడు. రిపోర్టు ఆపడానికి నా ఎత్తనుకుంటాడు. వాడి స్థానంలో ఉంటే నేనూ అలాగే అనుకుంటాను. వాణ్ని ఆపగలిగే మాట ప్రపంచంలో ఒక్కటే ఉంది, నాలుగేళ్ల కాలేజీలో గానీ తర్వాత గానీ అది నా నోట రాలేదు.

'నేను ఓడిపోయాను. నువ్వే రైటు. బండి పక్కకి ఆపి ఫోన్ చెయ్యి, క్షమాపణ చెబుతా.'

పంపించి ఫోన్ వంక చూస్తూ నిలబడ్డాను. స్పానరమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది. ముసలాయన మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తూ, "ఏమైందర్రా?" అంటున్నాడు. ఒక నిమిషం గడిచింది. ఇంకో అర నిమిషం.

ఫోన్ మోగింది.

"ఏదీ, ఇంకోసారి చెప్పు," అన్నాడు ఇస్త్రీ. వాడి గొంతులో ఎంత తృప్తి! "స్పీకర్లో పెట్టాను."

"బండి ఆపావా?"

"ఆపాను. పెద్దరోడ్డు మలుపు దగ్గర. నీ డొక్కు టకటకమంటోంది తెలుసా? పుట్టింటి సంగీతమా అది?"

"ఇంజను ఆపి దిగు. ఎడమవైపు ముందు చక్రం చూడు. ముట్టుకోకు."

తలుపు చప్పుడు, అడుగుల చప్పుడు వినిపించాయి. తర్వాత నట్టు గలగలమన్న శబ్దం.

"నట్లు మూడే ఉన్నాయిరా," అన్నాడు చివరికి. ఆ గొంతు వాడిదిలా లేదు. "వేళ్లతో తిరుగుతున్నాయి."

షెడ్డు వ్యానులో ముగ్గురం వెళ్లాం. ముసలాయన్ని ఒంటరిగా వదల్లేక మధ్యలో కూర్చోబెట్టుకున్నాం. ఆమె గుప్పెడు నట్లు, జాకీ, టార్క్ రెంచి వేసుకుంది. మూడుంబావు అయింది మేం చేరేసరికి. ఇస్త్రీ రోడ్డు పక్క దుమ్ములో చతికిలబడి ఉన్నాడు. నలగని చొక్కా మొదటిసారి చెమటకి ఒంటికి అంటుకుపోయింది.

"నాకు ఇద్దరు ఆడపిల్లలురా," అన్నాడు నన్ను చూడగానే. ఆ తర్వాత తిట్టాడు. ఓ రెండు నిమిషాలు తిట్టించుకున్నాను, న్యాయమే కదా. తర్వాత వాడి చూపు చక్రం మీది టిక్కు మీద పడింది. అక్కణ్నుంచి ముసలాయన వేళ్ల మీదకి వెళ్లింది. మొదటి ర్యాంకు ఊరికే రాలేదు వాడికి.

"పెద్దాయనా, ఇది చేసిందెవరు?"

"నేనే," అన్నాడు ముసలాయన గర్వంగా. "మూడు చుట్లు. ముప్పై ఒక్క ఏళ్లలో నా చేతిలో థ్రెడ్డు అడ్డంపడ్డ రోజు లేదు, కావాలంటే రికార్డు చూసుకోండి."

"బిగించలేదేం మరి?"

"బిగించేది మా ఆవిడ కదండీ. నా పక్కనే..."

ఆయన కుడివైపు తిరిగాడు. అక్కడ రోడ్డు ఉంది, వెళ్లే బండ్లు ఉన్నాయి. తిరిగినవాడు అలాగే ఉండిపోయాడు. ఆమె "నాన్నా" అంటూ ముందుకు రాబోతే నేను చెయ్యి అడ్డంపెట్టాను. ఎందుకు పెట్టానో నాకే తెలియదు. ముసలాయన మొహంలో ఏదో మెల్లగా తేరుకుంటోంది, దాన్ని తేరుకోనివ్వాలనిపించింది.

"ఆవిడ లేదు కదూ," అన్నాడు.

ఆమె నా చెయ్యి తప్పించుకుని ఆయన పక్కకి వెళ్లింది.

"ఆవిడ లేకపోతే... మరి బిగించకుండానే బండ్లు వెళ్లిపోతున్నాయా? ఎవరికైనా దెబ్బ తగిలిందా అమ్మా?"

"తగిలింది నాన్నా. నర్సమ్మగారికి. తగ్గిపోతుంది."

ఆయన కళ్లు మూసుకున్నాడు. తర్వాత కుడిచెయ్యి పైకెత్తి, తలమీద జానెడు ఎత్తులో, గాలిలో దేన్నో పట్టుకుని బలంగా కిందికి లాగాడు. ఇస్త్రీకి అర్థంకాలేదు. నాకు అర్థమైంది. ఆ ఎత్తు నాకు తెలుసు.

"ఆపాను," అన్నాడు ముసలాయన. "తప్పు నా స్టేషన్లో ఉంది."

నేను పరిగెత్తాను. ఉన్నది నాలుగడుగుల దూరమే, అయినా పరిగెత్తాను. అలవాటు. ఆయన ఎదుట నిలబడి, "ఆపినందుకు థాంక్సండీ," అన్నాను.

ఆయన తలూపాడు. ఆ మాట కోసమే ఎదురుచూసినట్టు భుజాలు దిగాయి. "ఎందుకు జరిగిందో చూడండి ఇంజనీరుగారూ," అని రోడ్డు అంచున కూర్చున్నాడు. మరో నిమిషానికి, మర్చిపోయాడో అలిసిపోయాడో, దారినపోయే బండ్లని లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాడు.

ఇస్త్రీ ఫైలు తెరిచాడు. ఆమె సంతకం పెట్టిన కాగితం బయటికి తీసి, వెనక్కి తిప్పాడు. తెల్లగా ఉంది. "అయిదింటికి ఏదో ఒకటి ఇవ్వాలిరా నేను," అన్నాడు.

"జరిగింది రాయండి సార్," అంది స్పానరమ్మ. "నేను అబద్ధం చెప్పానని కూడా రాయండి."

వాడు చాలాసేపు పెన్ను ఆడించాడు. తర్వాత నన్ను అడిగాడు, "ఎందుకు అన్న చోట ఏం రాయమంటావు?"

ఇన్నేళ్లలో వాడు నన్ను సలహా అడగడం అదే మొదలు.

"తర్వాతి స్టేషన్లో మనిషి లేరని రాయి," అన్నాను.

ఆమె అప్పటికే జాకీ ఎత్తుతోంది. తండ్రిని చక్రం దగ్గర కూర్చోబెట్టి, పడిపోయిన వాటి బదులు రెండు నట్లు ఆయన చేతిలో పెట్టింది. ఆయన వేళ్లు వాటంతట అవే లేచాయి. మూడు చుట్లు, మళ్లీ మూడు చుట్లు, టిక్కు. ఆ వెంటనే ఆమె అందుకుంది. రెంచి టక్‌మంది. అయిదుసార్లు టక్‌మంది. అయిదు పసుపు గీతలు పెట్టింది.

"ఉన్నారని రాయండి సార్," అంది ఇస్త్రీ వైపు తిరక్కుండానే. "ఇవాళ్టి నుంచి ఆయన ముట్టుకున్న ప్రతి బండి దగ్గరా నేనుంటాను. నేను లేనప్పుడు షెడ్డుకి తాళం ఉంటుంది."

వాడు వాచీ చూసుకోకుండా రాయడం మొదలుపెట్టాడు. కంపెనీ ఒప్పుకుంటుందో లేదో నాకు తెలియదు, వాడికీ తెలియదు. ముసలాయన మాత్రం వంగి, కూతురు పెట్టిన గీతలు ఒక్కొక్కటీ చూసుకుంటూ పోయి, నాలుగోది కాస్త వంకరగా ఉందన్నాడు.